తలకిందుల జెముడు

కాళీపూజ వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారం మేం నలుగురం కత్తులు పట్టుకుని కలకత్తా శివార్లలో ఆమ్తలా దాటి లోపలికి వెళ్లాం. నలుగురం అంటే నేను, మా ఆయన గోవిందరాజు, పక్కింటి రేబెకా, ఆమె భర్త జాబేజ్. అందరి వయసూ కలిపితే రెండు వందల ఎనభై. టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడిపే అబ్బాయి గోనెగుడ్డలో చుట్టిన కత్తులు చూసి, "దాదూ, లడాయి ఎక్కడ?" అని తాతలిద్దరినీ అడిగి నవ్వాడు. మగాళ్లిద్దరూ నవ్వలేదు. మా ఆయన ముందుకు చూస్తూ కూర్చున్నాడు. జాబేజ్ వెనక్కి తిరిగి కూర్చున్నాడు. లడాయి ఆ టోటోలోనే ఉందనీ, దానికి పదకొండేళ్లు నిండాయనీ ఆ అబ్బాయికేం తెలుసు!

ఇద్దరూ ఖిదిర్‌పూర్ రేవులో ముప్పై నాలుగేళ్లు ఒకే గ్యాంగులో పనిచేశారు. మా ఆయన ఓడ మీద బరువులెత్తే వించి నడిపేవాడు. వించి దగ్గర కూర్చున్నవాడికి ఓడ కడుపులో ఏం జరుగుతోందో కనపడదు. అందుకని గోతి అంచున ఒకడు నిలబడి చేత్తో సైగ చేస్తాడు. వేలు పైకెత్తి తిప్పితే 'హబేస్', అంటే ఎత్తు. అరచెయ్యి కిందికి ఊపితే 'ఆరియా', దించు. పిడికిలి బిగిస్తే ఆగు. ఆ సైగలవాడు జాబేజ్. మా ఆయన రిటైరైన రోజున యూనియనాయన మెడలో దండ వేసి, "గోవిందరాజు ఇన్నేళ్లలో ఒక్క మూట జారవిడవలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జాబేజూ కొట్టాడు. కొట్టి ఊరుకోకుండా, "నా సెయ్యి సూసి ఎత్తినాడు గనక జార్లేదు" అన్నాడు.

మా ఆయన మెడలో దండ ఉండగానే తిరిగాడు. "లారీ ఎనకాల నిలబడి రా, రా అనీవోడు లారీ తోలినట్టేనేటి?"

అంతే. ఆ రోజు విందులో మాంసం కూర కూడా ఇద్దరూ ముట్టలేదు. వాళ్ల వాటాలు నేనూ రేబెకా గిన్నెలో పెట్టి తెచ్చుకుని రెండు రోజులు తిన్నాం. మొగుళ్లు మాట్లాడుకోరని పెళ్లాలు ఆకలితో చావాలా? ఏక్‌బాల్‌పూర్‌లో మా రెండు వాటాలకూ వరండా ఒక్కటే, కుళాయి ఒక్కటే. నలభై రెండేళ్లుగా ఆ కుళాయి దగ్గర మేం పోట్లాడుకున్నాం, ఏడ్చుకున్నాం, ఒకరి పిల్లలకు ఒకరం జుట్టు దువ్వాం. రేబెకా ఆదివారం ప్రార్థనకు వెళ్తే దాని పొయ్యి మీద పప్పు నేను దించుతాను. నేను ఏకాదశి ఉపవాసం ఉంటే నా ముందు చేప తినకూడదని అది తలుపు వేసుకుని తింటుంది. వాసన ఎలాగూ వస్తుంది, అది వేరే సంగతి.

ఇప్పుడా ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడతారట. ఫాల్గుణం లోపల ఖాళీ చేయమన్నారు. అప్పుడు గుర్తొచ్చింది మా అందరికీ ఈ ఆరు కఠాల నేల. మన లెక్కలో పది సెంట్లు. రేవులో పని బాగున్న రోజుల్లో ఇద్దరూ ముచ్చటపడి కలిసి కొన్నారు, ఒకే దస్తావేజు, రెండు పేర్లు. కొన్నాక ఎవరూ దాని మొహం చూడలేదు. దాన్ని బాగుచేసి అటు రెండు గదులు, ఇటు రెండు గదులు వేసుకుంటే నేనూ రేబెకా కలిసుంటాం. లేదంటే అమ్మెయ్యడమే. అమ్మితే మేం ఠాకూర్‌పుకూర్‌లో మా తిరుపతిరావు ఇంటికి, వాళ్లు గంగ దాటి టికియాపారాలో రైల్వే క్వార్టర్లో ఉన్న వాళ్ల సురేష్ బాబు దగ్గరికి. పిల్లలు చెడ్డవాళ్లు కారు, రమ్మనే అంటున్నారు. కానీ ఠాకూర్‌పుకూర్‌కీ టికియాపారాకీ మధ్య రెండు బస్సులూ ఒక గంగా ఉన్నాయి. ఈ మోకాళ్లతో ఆ గంగను నేను ఇంకెన్నిసార్లు దాటతాను? మహా అయితే నాలుగుసార్లు. అవి కూడా ఎవరో ఒకరు పోయినప్పుడే. ఆ పోయినది రేబెకా అయితే వెళ్లీ ఏం లాభం?

టోటో ఆగింది. నేల ఏదని అడిగాను. జాబేజ్ వేలు చూపించాడు. అక్కడ నేల లేదు. పచ్చటి గోడ ఉంది. లంటానా కంపలు, ఆముదాలు, జిల్లేళ్లు, పేరు తెలియని తీగలు ఒకదాని మెడ ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. మధ్యలో ఒక దిరిసెన చెట్టు, దానంతటదే మొలిచింది, మనిషి కౌగిలికి సరిపడా లావెక్కింది.

"ఏటప్పా, మనం కొన్నది అడివేటి?" అంది రేబెకా. అప్పా అంటే అక్కా అని, నన్ను అది అలాగే పిలుస్తుంది.

"కొన్నప్పుడు నేలే. మనం ఎదగలేదు గానీ అది ఎదిగీసింది" అన్నాను.

మా ఆయన పడమటి వైపు నుంచి మొదలుపెట్టాడు. అది చూసి జాబేజ్ చుట్టూ తిరిగి తూర్పుకు వెళ్లాడు. మధ్యలో తుప్పలున్నాయి కాబట్టి ఒకరికొకరు సరిగ్గా కనపడరు, ఇద్దరికీ హాయి. మేం ఆడవాళ్లం నరికినవాటిని ఈడ్చుకొచ్చి కుప్ప వెయ్యాలి, కబుర్లు చేరవెయ్యాలి.

"దాలమ్మా! ఆ మనిసితోటి సెప్పు, తుప్ప మొదట్లో కొట్టమను. పైన కొడితే రేపు మల్లీ లెగుస్తాది" అని పడమటి నుంచి మా ఆయన కేక.

నేను చెప్పక్కర్లేదు. ఆ కేక ఆమ్తలా బజారుకు కూడా వినపడుతుంది. అయినా పద్ధతి పద్ధతే కదా, నేను తూర్పుకు నడిచి వెళ్లి, "తమ్ముడూ, మొదట్లో కొట్టమంతన్నాడు" అన్నాను.

"వదినా, ఆయనతో చెప్పు, తుప్పలు కొట్టీ ఇద్దె నాకు నేర్పక్కర్లేదని. ముందు ఆయన మొల కాడ ఏటుందో సూసుకోమను."

నేను మళ్లీ పడమటికి వచ్చేసరికి మా ఆయన మొలను దురదగొండి తీగ చుట్టేసింది. ఆ తర్వాత ఆయన చేసిన నాట్యం గురించి నేను రాయను, పెళ్లయి యాభై ఏళ్లయింది, కాస్త మర్యాద ఉండాలి. రేబెకా మాత్రం కుప్ప వెనక్కి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తూర్పు వైపు నుంచి ఒక మగ నవ్వు కూడా వినపడింది. వెంటనే దగ్గుగా మారింది.

అలా నాలుగు ఆదివారాలు. మధ్యలో ఓపికున్న రోజుల్లో కూడా వెళ్లాం. రెండో వారానికి నాలుగు రేకులు వేసి చిన్న పాక కట్టుకున్నాం, కత్తులు పెట్టుకోడానికి, చద్ది తినడానికి. ఇద్దరికీ పంతం పెరిగింది. వీడు ఇవాళ పది అడుగులు తెరిచాడంటే వాడు పన్నెండు తెరవాలి. రేవులో పని పోయాక ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని కుంగిపోతున్నారని మేం బెంగపడేవాళ్లం. ఇప్పుడు ఇంటికొచ్చి కుండెడు అన్నం తింటున్నారు. తూర్పూ పడమరా దగ్గరవుతూ వచ్చాయి. నాలుగో ఆదివారానికి మధ్యలో దిరిసెన చెట్టొక్కటే మిగిలింది. చెట్టుకు అటొకరు, ఇటొకరు. పదకొండేళ్ల తర్వాత ఎదురూబొదురూ.

ఇద్దరూ చెట్టు వైపే చూశారు.

ఒక చెట్టును ఇద్దరు నరకాలంటే ఏ వైపు పడెయ్యాలో ముందు అనుకోవాలి. ఆ మాట నాకు తెలుసు, రేబెకాకు తెలుసు, చూడ్డానికి వచ్చిన మేకకు కూడా తెలుసు. మా ఆయన పడమటికి పడాలని పడమట గాటు పెట్టాడు. జాబేజ్ తూర్పుకు పడాలని తూర్పున గాటు పెట్టాడు. "ఏ పక్కకి పడతాదో అడగండర్రా!" అని నేను అరిచాను. ఇద్దరూ నాకే జవాబు చెప్పారు, ఒకేసారి, చెరో దిక్కూ చూపిస్తూ. చెట్టు ఇద్దరి మాటా వినలేదు. కిర్రుమని తిరిగి దక్షిణం మూలకు పడింది. ఆ మూలలో నడుమెత్తు ఆకుజెముడు పొద ఒకటుంటే దాని మీద. పొద మొదలంటా విరిగి ఎగిరి నా కాళ్ల ముందు పడింది.

దుమ్ము తగ్గాక జాబేజ్ కత్తి కింద పెట్టాడు. రేబెకాతో అన్నాడు గానీ, గొంతు అందరికీ వినపడేలా అన్నాడు. "ఇంతే. ఒక సెట్టు పడెయ్యలేని వోళ్లం ఒక ఇంట్లో ఏటుంటాం? అమ్మెద్దుం. సురేష్ బాబుకి సెప్తాను, ఎవుడినో ఒకడిని తెస్తాడు."

"అమ్మమను. మంచిదే" అన్నాడు మా ఆయన నాతో.

రేబెకా నా వైపు చూసింది. నేను దాని వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం ఏడుస్తాం, ఏడిస్తే మగాళ్లకు ఇంకా పంతం వస్తుంది. చేతికి ఏదో ఒక పని కావాలని విరిగిన జెముడును ఎత్తాను. మా వైపు కొత్త గుమ్మానికి జెముడును తలకిందులుగా వేలాడదీస్తారు. మొదలు పైకి, తల కిందికి. నీళ్లు లేకపోయినా గాలి తిని బతుకుతుంది. అది బతికినన్నాళ్లూ ఆ గుమ్మానికి దిష్టి తగలదు. ఇంత పచ్చగా ఉన్న ఇద్దరు స్నేహితులు ఇలా అయ్యారంటే దిష్టి కాక మరేమిటి? పాక గుమ్మానికి తాడు వేసి కట్టాను.

"నాను ఇలాటియి నమ్మనప్పా, పాస్టరుగారికి తెలిస్తే ఊరుకోరు" అంది రేబెకా. కాసేపు చూసింది. "ఇంకొంచెం పైకి కట్టు, మేక అందుకుంతాది."

ఆ వారమంతా మా వరండాలో మాటలు తగ్గిపోయాయి. సురేష్ బాబు ఫోన్ చేసి ఎవరో బ్రోకరుతో మాట్లాడానన్నాడు. రేబెకా తన రోలు నాకిస్తానంది. టికియాపారా క్వార్టర్లో పెట్టడానికి చోటు లేదట. "నాకెందుకే రోలు? మా కోడలు రమాకుమారికి మిక్సీ ఉన్నాది" అన్నాను. "మరేటి సెయ్యమంతావ్? గంగలో పడెయ్యమంతావేటి?" అని కసిరింది. ఇద్దరం చెరో వైపు తిరిగి బట్టలు ఉతుక్కున్నాం. నలభై రెండేళ్లలో ఆ కుళాయి దగ్గర అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నీళ్ల చప్పుడుకే భయమేసింది.

ఐదో ఆదివారం మేం వెళ్లింది కత్తులూ రేకులూ తెచ్చుకోడానికే. టోటో మలుపు తిరగ్గానే మా నేల మీద జనం కనపడ్డారు. అందరూ ఆడవాళ్లే, ముప్పై మందికి తక్కువ లేరు. పాక ముందు నిలబడి పైకి చూస్తున్నారు. మధ్యలో తెల్లచీర కట్టిన ఒక పెద్దావిడ, నా ఈడుదే, నడుం మీద రెండు చేతులూ వేసుకుని ఉంది. ఆవిడ పేరు అరుంధతి అని తర్వాత తెలిసింది. ఆ ఊళ్లో పెళ్లయినా, చావయినా, పంచాయతీ కుళాయి చెడిపోయినా ముందు ఆవిడతో చెప్పాలట.

"ఇది కట్టిందెవరు?" అంది బంగ్లాలో, అదే బెంగాలీలో.

నాకు బంగ్లా వచ్చు. చేపల బజారులో నేర్చుకున్న బంగ్లా, అందులో మర్యాద కాస్త తక్కువే. "నేనే దిదీ. దిష్టి తగలకుండా కట్టాను" అని గొప్పగా చెప్పాను.

ముప్పై మందీ ఒక్కసారి నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

"ఏ కీ కొరేఛో గో!" అంది అరుంధతి. ఇదేం పని చేశావమ్మా అని. "అది మా మనసాదేవి, పాముల తల్లి! మా అత్తగారి అత్తగారి కాలం నుంచీ భాద్రమాసంలో ఇక్కడికొచ్చి పాలు పోస్తాం. ఆ రోజు ఊళ్లో పొయ్యి వెలిగించం. ఆ తల్లిని తెచ్చి కాళ్లు పైకి, తల కిందికి వేలాడదీస్తావా?"

యాభై ఏళ్లుగా కలకత్తాలో ఉన్నాను, మనసాదేవిని పందిట్లో బొమ్మగా చూశాను, పటంలో చూశాను, చెట్టుగా ఎప్పుడూ చూళ్లేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. ఆ మూలకు తుప్పల్లోంచి సన్నటి దారి ఉండేది, మేకల దారి అనుకున్నాను. పొద దగ్గర పగిలిన కుండ ఉండేది, ఎవరో పారేశారనుకుని నేనే చెత్తలో వేశాను. దాని మీద ఎర్రగా ఉంటే మట్టి అనుకున్నాను, అది సిందూరం.

"పాములు ఊరుకుంటాయా? చలికాలం కాబట్టి పడుకున్నాయి. వేసవిలో లేస్తాయి, లేచి అడుగుతాయి" అంది వెనక నుంచి ఒకావిడ.

రేబెకా నా చెవిలో, "నాను నమ్మను గానీ, అప్పా, ముందు దాన్ని దించీ" అంది.

దించాను. దించి, తిన్నగా పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాను. వేలాడదీసిన వారానికి కూడా అది వాడలేదు, ఆకులు నిగనిగలాడుతున్నాయి. అరుంధతి దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నా మొహంలో ఏం కనపడిందో గానీ గొంతు కాస్త తగ్గించింది. "మొదలు ఎక్కడ?"

మొదలు దిరిసెన మాను కింద ఉంది.

తీర్పు చెప్పేసింది ఆవిడ. మాను తియ్యాలి. కింద మొదలు బతికుంటే విరిగినదాన్ని దాని పక్కనే నాటుతాం, తల్లి క్షమించినట్టే, మీరు మా ఊరివాళ్లే. మొదలు నలిగిపోతే మీరు ఇక్కడ ఉండలేరు. ఇంకొకరికి అమ్మినా వాళ్లనూ మేం ఉండనివ్వం. అలా అని మానును దొర్లిస్తే కుదరదు, దొర్లితే ఉన్న మొదలు కూడా పోతుంది. నిట్టనిలువుగా పైకెత్తాలి.

"నిట్టనిలువుగా" అనే మాట బంగ్లాలో వినపడగానే మా ఆయన మెడ లేచింది.

ఊళ్లో గొట్టపుబావులు తవ్వేవాళ్ల దగ్గర మూడు సాల్ దుంగలూ ఒక గొలుసు కప్పీ ఉన్నాయి, పైపులు లాగడానికి. అరగంటలో వచ్చాయి. మూడు దుంగల తలలూ కలిపి కట్టి మాను మీదుగా నిలబెట్టారు, కప్పీ తగిలించారు, మానుకు రెండు చోట్ల గొలుసు చుట్టారు. ఈ పనంతా మా ఆయనే దగ్గరుండి చేయించాడు. డెబ్బై రెండేళ్ల మనిషి నాకు ఒక్క గంటలో నలభై ఏళ్ల వాడిలా కనపడ్డాడు. ఇది ఆయనతో చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు. గొలుసు లాగడానికి మాను వెనక నిలబడ్డాడు. మొదలు మాను కింద అవతలి అంచున, నేలకు అంటుకుని ఉంది. ఆయనకు కనపడదు.

లాగాడు. మాను కదిలింది. ముప్పై మంది ఆడవాళ్లూ ముప్పై రకాలుగా అరిచారు. ఎత్తమని ఒకరు, ఆగమని ఒకరు, ఎడమకని ఒకరు, ఎడమ అంటే ఎవరి ఎడమ అని ఇంకొకరు. నేను కూడా అరిచాను, అబద్ధమెందుకు. మాను గాల్లో జానెడు లేచి ఊగింది, ఊగి మొదలు వైపు ఒరిగింది. అరుంధతి కళ్లు మూసుకుంది.

"నోర్మూయండర్రా అందరూ! ఎవుడో ఒకడు సెప్పండి!" అని గోవిందరాజు గావుకేక పెట్టాడు. తెలుగులో పెట్టాడు, అయినా అందరికీ అర్థమయింది.

జాబేజ్ అప్పటిదాకా పాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కత్తి గోనెగుడ్డలో చుట్టుకుని, వెళ్లిపోయే మనిషిలాగ. కత్తి పక్కన పెట్టాడు. చొక్కా గుండీ ఒకటి విప్పాడు. నడిచి వెళ్లి మానుకు అవతల నేల మీద బోర్లా పడుకున్నాడు, చెంప మట్టికి ఆనించి. డెబ్బై ఒకటి ఆయనకు. పడుకోవడం పడుకున్నాడు గానీ మళ్లీ ఎవరు లేపాలా అని రేబెకా గొణిగింది.

అలా పడుకునే కుడిచెయ్యి పైకెత్తాడు.

మానుకు పైన ఆ చెయ్యొక్కటే కనపడుతోంది. మా ఆయన దాన్ని చూశాడు. గొలుసు మీద పట్టు మార్చుకున్నాడు. ఆ చేతి చూపుడువేలు నెమ్మదిగా తిరిగింది. గొలుసు టక్, టక్ మంది. వేలు ఆగింది, గొలుసు ఆగింది. అరచెయ్యి ఇంచీ కిందికి ఊగింది, మాను ఇంచీ దిగింది. బొటనవేలు ఎడమకు చూపించింది, మాను ఊగడం మానేసి, బుద్ధిగా ఎడమకు జరిగింది. ఒక్క మాట లేదు. ఆడవాళ్లందరూ నోరు మూసుకున్నారు. మా ఆయన మాను వైపు ఒక్కసారి కూడా చూడలేదు, మొదలు వైపు చూడలేదు, దుంగలు నిలుస్తాయో లేదో చూడలేదు. ఆ చేతినే చూస్తున్నాడు. వేలు తిరుగుతూనే ఉంది. మాను మోకాలెత్తు లేచింది, నడుమెత్తు లేచింది. అప్పుడు పిడికిలి బిగిసింది.

దుంగలు మోసుకొచ్చిన నలుగురు ఊరి మగాళ్లు తాళ్లు వేసి మానును పక్కకు లాగేశారు.

అరుంధతి వంగి చూసింది. మట్టిలో బొటనవేలంత మొదలు మిగిలింది. ఆవిడ గోటితో గీసింది. తెల్లగా పాలు వచ్చాయి. ఆవిడ నాలుక ఆడిస్తూ ఉలూ అని మంగళధ్వని ఎత్తుకుంది. ముప్పై గొంతులూ అందుకున్నాయి. మేక పారిపోయింది.

విరిగినదాన్ని మొదలు పక్కనే నాటాం, ఈసారి తల పైకి. నాటేముందు అరుంధతి నా చేతిని పట్టుకుని, "ఇటు, ఇటు పైకి" అని చిన్నపిల్లకు చెప్పినట్టు రెండుసార్లు చెప్పింది. నాకూ అనిపించింది, ఎందుకైనా మంచిదని. అందరూ నీళ్లు పోశారు. రేబెకా కూడా చెంబెడు పోసింది. నేను చూస్తున్నానని, "మొక్కకి నీల్లు పొయ్యడం పాపం అని బైబిల్లో ఎక్కడా లేదు" అంది.

జాబేజ్‌ను ఇద్దరు పట్టుకుని లేపారు. సగం మొహానికి మట్టి. అరుంధతి ఇంటి నుంచి టీ వచ్చింది, మట్టి ముంతల్లో. మగాళ్లిద్దరూ ఒకే మాను మీద కూర్చున్నారు, వేరే చోటు లేక. నేనూ రేబెకా పాక అరుగు మీద ఉన్నాం. వాళ్లిద్దరూ టీ ఊదుకున్నారు.

"నువ్వు పడమర గాటు ముందు పెట్టీసినావు. అందుకే తిరిగిపోనాది" అన్నాడు జాబేజ్, ముంతలోకి చూస్తూ.

"తూరుపున పెడతన్నానని నువ్వు సెప్పలేదు."

"నువ్వడగలేదు."

"అడుగుతాను. అడిగితే సెప్తావేటి నువ్వు?"

"సెప్పనేమో."

"మరి!" అన్నాడు మా ఆయన, గెలిచినట్టు.

రేబెకా నా మణికట్టు పట్టుకుంది. గాజు చిట్లేలా పట్టుకుంది. పిచ్చుక పెరట్లోకొచ్చి గింజ తింటుంటే మనం ఎలా ఉంటామో అలా ఉన్నాం ఇద్దరం. "టీలో పంచదార తక్కువ" అన్నాడు జాబేజ్. "నీకెప్పుడూ తక్కువే, సుగర్ ఉన్నోడివి" అన్నాడు మా ఆయన. ఆ రోజు కత్తులు మేం ఇంటికి తేలేదు. ఎవరూ తెమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. సురేష్ బాబు బ్రోకరు సంగతి అడిగితే జాబేజ్, "ఆ నేల అమ్మడానికి లేదు, దేవత ఉన్నాది" అని ఫోన్ పెట్టేశాడట. నలభై ఏళ్లు చర్చిలో పెద్దగా ఉన్న మనిషి! రేబెకా ఇంకా ఆ మాట పాస్టరుగారికి చెప్పలేదు.

బొడోదిన్, అదే క్రిస్మస్, పండగ వెళ్లిన వారం మేస్త్రీ వచ్చాడు. రేబెకా తెచ్చిన క్రిస్మస్ కేకు ముక్క అరుంధతికి ఒకటి, మేస్త్రీకి ఒకటి ఇచ్చాం. నేల ఇప్పుడు నేలలాగే ఉంది, బోడిగా, ఎర్రగా, అక్కడక్కడా మొదళ్లు. మనసాదేవి మూలకు దారి వదిలి, మిగిలినచోట సున్నంతో గీతలు గీస్తామన్నాడు మేస్త్రీ.

"దాదూ, రెండు వాటాల మధ్య గోడ ఎక్కడ రావాలి?" అని అడిగాడు.

"నడిమిని" అన్నాడు మా ఆయన.

"నడిమిని అయితే మనం తవ్వబోయే నుయ్యి నీవేపు పడిపోద్ది" అన్నాడు జాబేజ్.

"పడితే పడనీ. నీల్లు నీకు పొయ్యనంటానేటి?"

"నువ్వు పొయ్యడమేటి, నాను తోడుకోలేనేటి?"

"పదకొండేల్లు నా గుమ్మం తొక్కనోడివి, నా నూతికొస్తావా?"

"నీ నుయ్యేటి? దస్తావేజులో నా పేరు ముందు ఉన్నాది!"

అలా మొదలయింది. గోడ పక్కకు పోయింది. రేవు వచ్చింది, దండ వచ్చింది, తినని మాంసం వచ్చింది, ఎప్పుడో వర్షంలో ఎవరి గొడుగు ఎవరు పోగొట్టారో అది కూడా వచ్చింది. పదకొండేళ్లు నోట్లో దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి ఒకరి మొహాన ఒకరు కొట్టుకుంటున్నారు. అరుంధతి తన వాకిట్లోంచి బయటికొచ్చి చూసింది. "కొట్టుకుంటారా?" అని నన్ను బంగ్లాలో అడిగింది. "లేదు దిదీ, మాట్లాడుకుంటున్నారు" అన్నాను.

మేస్త్రీ సున్నం డబ్బా పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు. అన్నం తిని వచ్చాడు. వాళ్లింకా గోడ మాటకు తిరిగి రాలేదు.

"ఆపుదామేటి అప్పా?" అంది రేబెకా.

"కూకోయే. గొంతులు బాగున్నాయి ఇద్దరివీ" అన్నాను.

మేస్త్రీ ఇక ఉండలేక మా దగ్గరికొచ్చి, అమ్మమ్మను పిలిచినట్టు పిలిచాడు. "దిదా, పొద్దు పోతోంది. నడిమి గోడ ఎక్కడ గియ్యను?"

నేను రేబెకాను చూశాను. రేబెకా నన్ను చూసింది. దాని కళ్లు నవ్వుతున్నాయి.

"అది వాళ్లు తేల్చుకుంటారు నాయనా, నిదానంగా" అన్నాను. "నువ్వు ముందు చుట్టూ కట్టు."